గల్లా పెట్టె యజమానిది, జవాబుదారీ మేనేజరుది

నెల్లూరు, ఒంగోలు హోటళ్లు, దుకాణాల్లో ‘జనరల్ మేనేజర్’ ఉద్యోగానికి పెద్ద వయసేమీ లేదు. ఒకప్పుడు ఆ పనిని ముగ్గురు పంచుకునేవారు. యజమాని గల్లా దగ్గర కూర్చునేవాడు, గుమాస్తా చిట్టా, ఆవర్జా లెక్కలు రాసేవాడు, వంటింటిని మాస్టరు చూసుకునేవాడు. స్టోన్‌హౌస్‌పేట బజారులో బియ్యం, పప్పుల బేరమైనా, పనివాళ్లకు అడ్వాన్సులైనా యజమాని నోటిమాట మీదే నడిచేవి. రెండో బ్రాంచి తెరిచాక ఆయన రెండు గల్లాల దగ్గరా కూర్చోలేడు కాబట్టి మేనేజరు వచ్చాడు. కుర్చీ అయితే ఇచ్చారు. కొనుగోళ్లూ, జీతాల పెంపూ మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ యజమాని చేతుల్లోనే ఉన్నాయి. నేటి పేచీలన్నీ అక్కడే మొదలవుతాయి.

చట్టం వైపు నుంచి చూస్తే ఇది మరీ విచిత్రంగా ఉంటుంది. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం ‘యజమాని’ నిర్వచనంలో మేనేజరునూ కలిపింది. మస్టరు (హాజరు పట్టీ), సెలవుల రిజిస్టరు సరిగా లేకపోతే లేబర్ ఆఫీసరు ఆయన్నే అడగొచ్చు. అదే చట్టం, నిర్ణీత జీతం దాటి నిర్వహణ స్థానంలో ఉన్నవారిని పనివాళ్లకిచ్చే రక్షణల నుంచి మినహాయించింది. తప్పు పట్టేటప్పుడు యజమాని, హక్కు అడిగేటప్పుడు ఎవరూ కాదు.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చినా అమలైంది 2011 ఆగస్టు 5 నుంచి. దాని 66వ సెక్షను ప్రకారం కంపెనీ తన తరఫున బాధ్యుడిగా ఒకరిని నామినేట్ చేయొచ్చు. అందుకు ఫారం 9 ఉంది. చేరిన వారంలోనే ఆఫీసు కాగితాల కట్టలో ఇదీ సంతకానికి వస్తుంది, చదవకుండా పెట్టేసేవాళ్లే ఎక్కువ. ఆ సంతకం తర్వాత తనిఖీలో తీసుకున్న ఆహారం శాంపిల్ ఫెయిలైతే నోటీసులో ఉండేది మేనేజరు పేరే.

నెల్లూరు చేపల పులుసునే తీసుకోండి. పులుసు మర్నాటికి ఊరితేనే రుచి అన్నది ఇంటి అలవాటు, పాత మెస్సులూ అలాగే నడిచాయి. ఇంట్లో దాక పొయ్యి మీదే వదిలేస్తే చెల్లింది. యాభై లీటర్ల డేగిసాలో అది కుదరదు, నడిమధ్య వేడి తెల్లారేదాకా దిగదు, ఆ వెచ్చదనంలో పులుసు పాడవుతుంది. వండినదాన్ని ఫ్రిజ్‌లో దాచాలంటే 60 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి మరో రెండు గంటల్లో దించాలి. అంటే వెడల్పాటి ట్రేల్లోకి రెండు అంగుళాల లోతున పోసి, అడుగున ఐసునీళ్లు పెట్టి, అప్పుడు, మనిషి లోపలికి నడిచి వెళ్లేంత పెద్ద ఫ్రిజ్ గది అయిన వాక్-ఇన్‌లో పెట్టాలి. చింతపండు పులుపు కొంత కాపాడుతుందన్న మాట నిజమే కానీ, దాన్ని నమ్ముకుని ఈ పని మానేయకూడదు. వాక్-ఇన్ కొనమని అడిగే అధికారం మేనేజరుకు ఉంటుంది, కొనే అధికారం ఉండదు.

లెక్కలోనూ అదే చేప ఇరికిస్తుంది. పది కిలోల చేపను కిలో 300 చొప్పున కొంటే మూడు వేలు. పొలుసు, పొట్ట, రెక్కలు పోయాక ఏడుంపావు కిలోల ముక్కలు వచ్చాయనుకుందాం. 120 గ్రాముల ముక్కకు అరవై వస్తాయి, ముక్క ఖరీదు 50 రూపాయలు. తరుగు తీయకుండా లెక్కేస్తే 83 ముక్కలు, 36 రూపాయలు. మెనూ ధరను ఈ రెండో లెక్క మీద కట్టిన హోటలు ఎంత అమ్మితే అంత నష్టపోతుంది. నెలాఖరున ‘ఫుడ్ కాస్ట్ ఎందుకు పెరిగింది’ అని మేనేజరును నిలదీస్తారు. మొదటి వారంలోనే శుభ్రం చేసిన బరువును యజమాని ఎదుటే తూచి రాసిపెట్టుకోవడం మంచిది.

కిరాణా, సూపర్‌మార్కెట్ల సంగతి వేరు. పాత చిట్టాలో తరుగు ఖర్చు కింద పడేది. ఉల్లిపాయలు ఆరతాయి, బెల్లం కారుతుంది, బియ్యం బస్తా విప్పి తూస్తే తగ్గుతుంది, ఎవరూ గొడవ పడలేదు. 2006లో రిలయన్స్ ఫ్రెష్ హైదరాబాదులో తలుపులు తెరిచింది. ఆ తరహా చెయిన్ స్టోర్లతో బార్‌కోడు, స్టాక్ ఆడిట్ అలవాటయ్యాయి. కంప్యూటర్లో ఉన్నదీ అరలో ఉన్నదీ కలవకపోతే తేడా అంతా ‘షార్టేజీ’. అందులో దొంగతనం ఒక వంతు మాత్రమే. లారీ దించేటప్పుడు లెక్కపెట్టకుండా ఇన్వాయిస్ ఎక్కించడం, ఒక రకం సబ్బును ఇంకో రకం కోడుతో బిల్లు కొట్టడం, ఎక్స్‌పైరీ సరుకును రాయకుండా పక్కన పడేయడం కూడా అంతే చేటు చేస్తాయి. ఆ మొత్తాన్ని ఉద్యోగి జీతంలోంచి కోసేస్తున్న చోట్లున్నాయి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం దగ్గర్నుంచీ నియమం ఒకటే: సరుకు తనకు అప్పగించినదై ఉండాలి, నష్టం తన నిర్లక్ష్యం వల్లే జరగాలి, సంజాయిషీ చెప్పే అవకాశం ఇవ్వాలి. 2019 వేతనాల కోడ్ అదే సూత్రాన్ని నిలబెట్టి, మొత్తం కోతలు జీతంలో సగం దాటకూడదంది.

పన్ను లెక్క కూడా నెత్తిన పడింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఏసీ రెస్టారెంట్లకు 18 శాతం, నాన్ ఏసీకి 12. అదే ఏడాది నవంబరు 15 నుంచి సాధారణ రెస్టారెంట్లకు 5 శాతమైంది, కానీ ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నవాటి మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు, పోయింది. అద్దె మీదా, ఫ్రిజ్ మీదా కట్టిన పన్ను ఖర్చులో కలిసిపోతుంది. 2022 జనవరి 1 నుంచి డెలివరీ యాప్‌ల ఆర్డర్ల మీద పన్ను యాప్‌లే కడుతున్నాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ ఆర్డర్లను విడిగా పెట్టకపోతే హోటలు రెండోసారి కట్టేస్తుంది.

వీటన్నిటికీ తోడు, నెల్లూరు మేనేజరుకు స్థానికంగా ఒక చిక్కుంది. సంక్రాంతి రద్దీకి నిరుటి అదే తేదీల అమ్మకాలు చూసి సరుకుకు ఇండెంటు పెట్టొచ్చు. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ మొహర్రంతో నడుస్తుంది, ఏటా పది, పదకొండు రోజులు ముందుగానే వస్తుంది. నిరుటి తేదీల నివేదిక చూసి బియ్యం, మనుషులను సర్దితే పండుగనాడు కొరత, ఆ తర్వాత మిగులు. చెన్నై, హైదరాబాదు ఆఫీసుల్లో కూర్చుని డ్యూటీల రోస్టరు పంపే చెయిన్లకు ఇది తెలియజెప్పడం కూడా ఇక్కడి ఉద్యోగంలో భాగమే.

ఉద్యోగం మానేసేవారు రాజీనామాతో పాటు నామినీ మార్పు కూడా అడగాలి. ఆహార లైసెన్సుల ఫోస్కోస్ పోర్టల్‌లో లైసెన్సు మార్పు దరఖాస్తు పెట్టించి, నామినీగా తమ పేరు తొలగిందని చూసుకున్నాకే తాళాలు అప్పగించాలి.