పొడి నేలల్లో ఆలివ్ సాగు, నూనె నాణ్యత: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఆలివ్ ఎండకు ఓర్చే చెట్టు కనుక నీరు పెట్టనక్కరలేదు.

వాస్తవం: ట్యునీషియాలోని స్ఫాక్స్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 200 మి.మీ. వానతోనే తోటలు నిలుస్తున్న మాట నిజమే గాని, అక్కడి సంప్రదాయ తోటల్లో చెట్ల మధ్య 24 మీటర్ల ఎడం వదిలి, హెక్టారుకు దాదాపు 17 చెట్లనే పెంచుతారు. వేర్లకు అంత విశాలమైన నేల దొరకని దగ్గరి నాటు తోటలకు ఆ ఉదాహరణ వర్తించదు. పూత, పిందె కట్టే సమయంలోను, కాయలో నూనె చేరే సమయంలోను ఎద్దడి తగిలితే దిగుబడి పడిపోతుంది. ఈ రెండింటి నడుమ, టెంక గట్టిపడే దశలో చెట్టు ఎద్దడిని బాగా తట్టుకుంటుంది కనుక, నీరు తక్కువగా ఉన్నవారు పొదుపు చేయవలసింది అప్పుడే.

అయితే నీరు మితిమీరినా చేటే. కాయలో ఫినాలిక్ పదార్థాలు (నూనెకు చేదు, ఘాటు ఇచ్చేవి) తగ్గి నూనె రుచి పలచబడుతుంది. గానుగలో నలిపిన కాయల ముద్ద నుంచి నూనె విడిపోవడమూ కష్టమవుతుంది. అందుకే కోతకు ముందు వారాల్లో నేను తడులు తగ్గిస్తాను, కాయ ముడతలు పడేదాకా మాత్రం పోనివ్వను.

అపోహ: కాయ పూర్తిగా నల్లబడ్డాక కోస్తేనే నూనె ఎక్కువ వస్తుంది.

వాస్తవం: ఎక్కువమంది సాగుదారులు నాణ్యతను పోగొట్టుకునేది ఇక్కడే. ఒక దశ దాటాక కాయలో కొత్తగా చేరే నూనె స్వల్పం. కాయ నీటిని కోల్పోవడం వల్ల నూనె శాతం పెరిగినట్లు కనిపిస్తుంది. ఈలోగా సువాసన, ఫినాలిక్ పదార్థాలు తరిగిపోతాయి. ఆకుపచ్చ రంగు ఊదాగా మారడం మొదలైనప్పుడు కోయడమే మేలని నా అభిప్రాయం.

అపోహ: చేదు, గొంతులో ఘాటు ఉంటే నూనె పాడైనట్లే.

వాస్తవం: అవి తాజా కాయల లక్షణాలు. ఆ ఘాటుకు ముఖ్య కారణం ఒలియోకాంథాల్ అనే పదార్థం. అలాగే నూనె రంగు కూడా నాణ్యతకు కొలమానం కాదు. రుచి నిపుణులు రంగు కనబడకుండా ముదురు గాజు పాత్రలు వాడతారు.

అపోహ: మేలైన రకం నాటితే ఎక్స్‌ట్రా వర్జిన్ (అత్యుత్తమ శ్రేణి) నూనె దానంతటదే వస్తుంది.

వాస్తవం: ఆ శ్రేణికి స్వేచ్ఛా ఆమ్లత (నూనెలో విడిపోయిన కొవ్వు ఆమ్లాల పాలు) 0.8 శాతం మించకూడదు, రుచిలో ఏ దోషమూ ఉండకూడదు. కోసిన కాయలను గోతాల్లో కుక్కి ఉంచితే అవి వేడెక్కి పులుస్తాయి, ఆ వాసనను తరువాత గానుగలోని ఏ యంత్రమూ తీయలేదు. గాలి ఆడే పెట్టెల్లో నింపి, 24 గంటలలోపే ఆడించి, ముద్దను కలిపేటప్పుడు వేడి 27 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూసుకోవాలి. ఆ నూనెను వెలుతురు, గాలి తగలని స్టీలు తొట్లలో చల్లని చోట నిల్వ చేయాలి.