అడవి నేల ఆరోగ్యం: నేను తరచూ వినే అపోహలు

అడవిలో మట్టి తవ్వి, తూచి, ఏళ్ల తరబడి లెక్క రాసుకోవడం నా పని. ఈ పనిలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: అడవి పచ్చగా ఉందంటే నేల బాగున్నట్టే.

ఉష్ణమండలపు తడి అడవుల్లో చాలాచోట్ల నేల పేదది. పోషకాల్లో పెద్ద వాటా చెట్లలోనే ఉంటుంది. ఆకు రాలి కుళ్లగానే పైపైన అల్లుకున్న వేళ్లు, వాటిని అంటుకుని బతికే శిలీంధ్రాలు ఆ పోషకాలను మళ్లీ పీల్చుకుంటాయి. చెట్టును కొమ్మా రెమ్మా ఆకుతో సహా తరలిస్తే ఈ చక్రం తెగిపోతుంది. అందుకే నేను ముందు చూసేది పైన ఆకుల పొర ఎంత మందంగా ఉందో, అది కిందికి ఎలా కుళ్లుతోందో.

అపోహ: పొలానికి చేసే మట్టి పరీక్షే అడవికీ సరిపోతుంది.

ఉదజని సూచిక (pH, నేల ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే అంకె; 7 కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం) 4.5 వచ్చిందని సున్నం వేద్దామన్నవాళ్లు ఉన్నారు. పొలంలో అది సమస్యే, చాలా అడవుల్లో మాత్రం సహజం. పోల్చాల్సింది పొలం పట్టికతో కాదు, అదే రకం నేల మీద చెక్కుచెదరని అడవితో.

నత్రజనిదీ ఇదే కథ. మొత్తం నత్రజనిలో ఎక్కువ భాగం సేంద్రియ పదార్థంలో బందీగా ఉంటుంది. అది ఎంత విడుదల కాగలదన్నదే చెట్టుకు ముఖ్యం. దానికి మట్టిని నీటిలో ముంచి, గాలి తగలకుండా 40 డిగ్రీల వేడిలో 7 రోజులు ఉంచి, ఎంత అమ్మోనియం బయటికి వచ్చిందో కొలిచే పద్ధతి ఉంది.

అపోహ: 30 సెంటీమీటర్ల లోతు వరకు కర్బనం లెక్క కడితే నిజం తెలిసిపోతుంది.

ఇందులో నేనూ పొరపాటు పడ్డాను. యంత్రాలతో కలప తీసిన చోట కొలిస్తే హెక్టారుకు కర్బనం పెరిగినట్టు వచ్చింది. చాలా సంతోషించాను. తీరా చూస్తే కర్బనం శాతం మారనే లేదు. ఒక ఉదాహరణ చూడండి. ఘన సెంటీమీటరు మట్టి 1.0 గ్రాము తూగితే, హెక్టారులో 30 సెంటీమీటర్ల లోతుకు 3,000 టన్నుల మట్టి. కర్బనం 2 శాతమైతే 60 టన్నులు. నేల నొక్కుకుపోయి 1.2 గ్రాములైతే, అదే లోతులో 3,600 టన్నుల మట్టి, 72 టన్నుల కర్బనం! ఆ 12 టన్నులు కొత్తగా వచ్చినవి కావు, కింది పొర పైకి లెక్కలోకి వచ్చిందంతే. అప్పటినుంచి సమాన లోతును కాకుండా సమాన మట్టి బరువును పోలుస్తున్నాను. ఇందుకు కొలత తెలిసిన ఉక్కు రింగును నేలలోకి దింపి, అందులోని మట్టిని 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచాలి. రాళ్ల బరువు, పరిమాణం విడిగా తీసేయాలి.

అపోహ: బండి ఒకటి రెండు సార్లు తిరిగితే ఏమీ కాదు.

నేల గట్టిపడటంలో ఎక్కువ భాగం మొదటి కొన్ని తిరుగుళ్లలోనే జరిగిపోతుంది, తడి నేలైతే మరీ. కోలుకోవడానికి దశాబ్దాలు పట్టొచ్చు. కాబట్టి బండ్లు అడవంతా తిరగకుండా, ముందే గీసిన దారుల్లోనే నడవాలి.

అయితే గట్టిపడిన ప్రతి నేలా ఒకేలా నష్టపోదు. అమెరికా అటవీ శాఖ 1989లో మొదలుపెట్టిన దీర్ఘకాలిక ప్రయోగాల్లో, పదేళ్ల తర్వాత బంకమట్టి నేలల్లో ఎదుగుదల తగ్గింది, ఇసుక నేలల్లో పెరిగింది. ఇసుకలో పెద్ద రంధ్రాలు చిన్నవై నీరు నిలవడం దానికి ఒక కారణం. నేల రకం రాయకుండా సాంద్రత (ఘన సెంటీమీటరు మట్టి బరువు) ఒక్కటే రాస్తే ఆ అంకెకు అర్థం లేదు.

అపోహ: ఒక గుంట తవ్వితే చాలు.

చెట్టు మొదట్లో మట్టికీ, రెండడుగుల అవతల మట్టికీ పొంతన ఉండదు. చాలా చోట్ల తీసి కలపాలి. మళ్లీ వెళ్లినప్పుడు అదే చోటు, అదే కాలం, అదే లోతు. కర్బనం లాంటివి నెమ్మదిగా మారతాయి, ఏటా కొలిచి టెన్షన్ పడాల్సిన పని లేదు. ఆరబెట్టిన నమూనాలో కొంత డబ్బాలో భద్రపరచండి. రేపు ల్యాబ్ పద్ధతి మారితే, పాత మట్టినీ కొత్త మట్టినీ పక్కపక్కన పెట్టి కొలవగలిగేది ఆ డబ్బా ఉంటేనే.