‘మా సిస్టమ్‌కు వైరస్ రాదు’: ఒక వాదన పూర్వాపరాలు

కంప్యూటర్ల గురించి మాట్లాడుకునేవారి మధ్య ఎంతకీ తెగని వాదనల్లో ఒకటి, ఫలానా ఆపరేటింగ్ సిస్టమ్‌కు వైరస్‌లు సోకవన్నది. లినక్స్ వాడేవారు ఒకప్పుడు ఈ మాట ధీమాగా అనేవారు. మ్యాక్ వాడేవారు అంతకంటే ధీమాగా అనేవారు. ఇప్పుడు ఐఫోన్ వాడేవారు అంటున్నారు. అవతలివారు వెంటనే, మీ సిస్టమ్‌ను వాడేవారే తక్కువ కనుక వైరస్ రాసేవారు దాని జోలికి రాలేదని, అంతకుమించి అందులో గొప్పేమీ లేదని కొట్టిపారేస్తారు. రెండూ అర్ధసత్యాలే. సిస్టమ్ నిర్మాణం వల్ల దొరికే రక్షణ వేరు, వాడుక తక్కువ కావడం వల్ల దొరికే రక్షణ వేరు, ప్రోగ్రామ్‌లు మన యంత్రానికి చేరే దారి వల్ల దొరికే రక్షణ వేరు. ఈ మూడింటినీ కలగాపులగం చేయడం వల్లనే వాదన దశాబ్దాలుగా అక్కడక్కడే తిరుగుతోంది.

విచిత్రమేమిటంటే, తర్వాతి కాలంలో వైరస్ రాదని పేరుపడిన సిస్టమ్‌ల కుటుంబాల్లోనే తొలి వైరస్‌లు పుట్టాయి. 1982లో రిచ్ స్క్రెంటా అనే పాఠశాల విద్యార్థి సరదాకి రాసిన ‘ఎల్క్ క్లోనర్’ ఆపిల్ 2 కంప్యూటర్లలో ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి పాకేది; సోకిన ఫ్లాపీతో యంత్రాన్ని యాభయ్యోసారి ప్రారంభించినప్పుడు తెరమీద ఒక చిన్న పద్యం కనిపించేది. అంతకంటే ముఖ్యమైనది 1983 నవంబరులో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ కోహెన్ చేసిన ప్రయోగం. అతను ఎంచుకున్నది, లినక్స్‌కు ఒరవడి, నేటి మ్యాక్‌కు పునాది అయిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తున్న వ్యాక్స్ 11/750 యంత్రం. ఒక్కొక్కరికీ విడివిడి ఖాతాలు, విడివిడి అనుమతులు, అందరిపైనా సర్వాధికారాలు గల నిర్వాహకుడి ఖాతా, అంటే నేటికీ లినక్స్, మ్యాక్ అభిమానులు చూపించే ఏర్పాట్లన్నీ అందులో ఉన్నాయి. ఫైళ్ల అమరికను బొమ్మగా చూపించే ‘వీడీ’ అనే ప్రోగ్రామ్‌లో కోహెన్ తన వైరస్‌ను ఉంచి, కొత్త ప్రోగ్రామ్ వచ్చిందంటూ తోటి వాడుకరులకు ప్రకటించాడు. ఐదుసార్లు ప్రయత్నిస్తే ఐదుసార్లూ గంటలోపే సర్వాధికారాలు వైరస్ చేతికి వచ్చాయి. ఒకసారైతే ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. వైరస్ ఏ అనుమతినీ బద్దలు కొట్టలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. ప్రోగ్రామ్‌ను నడిపినవారి అనుమతులనే అది వాడుకుంది. అధిక అధికారాలున్న వ్యక్తి ఎవరో ఒకరు దానిని నడిపేదాకా ఓపిక పట్టింది, అంతే.

1984లో ప్రచురించిన పరిశోధనాపత్రంలో కోహెన్ దీనిని సిద్ధాంతంగా కూడా నిలబెట్టాడు. సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకునే వీలూ, అందుకున్నదాన్ని ప్రోగ్రామ్‌గా నడిపే వీలూ, దానిని మళ్లీ మరొకరికి అందించే వీలూ ఉన్న ఏ వ్యవస్థలోనైనా వైరస్ వ్యాపించగలదని, పూర్తి రక్షణ కావాలంటే ఇచ్చిపుచ్చుకోవడమే మానుకోవాలని అతను తేల్చాడు. ఇచ్చిన ప్రోగ్రామ్ వైరస్ అవునో కాదో అన్ని సందర్భాల్లోనూ పొరపాటు లేకుండా చెప్పగల ప్రోగ్రామ్ ఉండటం అసాధ్యమని కూడా నిరూపించాడు. సూటిగా చెప్పాలంటే ‘వైరస్ రానే రాదు’ అన్న మాటకు శాస్త్రీయమైన జవాబు, ఆ మాట జనంలోకి రాకముందే వచ్చేసింది. మిగిలినదంతా ఎక్కడ వ్యాప్తి సులువు, ఎక్కడ కష్టం అన్న ప్రశ్నే.

సులువు అన్న విషయంలో విండోస్‌కు ముందున్న ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డాస్‌కు, తొలినాళ్ల విండోస్‌కు పోటీ లేదు. ఐబీఎం పీసీని తయారుచేసినప్పుడు అది ఒకరు వాడుకునే యంత్రమే తప్ప పదిమంది పంచుకునేది కాదు. కాబట్టి డాస్‌లో ఖాతాలు లేవు, అనుమతులు లేవు, నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కూ యంత్రం మొత్తం దఖలుపడేది. 1986లో పాకిస్తాన్‌లోని లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాసిన ‘బ్రెయిన్’ వైరస్ ఫ్లాపీల బూట్ సెక్టార్‌లో, అంటే యంత్రం మొదలవుతూనే చదివే భాగంలో కూర్చుని దేశదేశాలు తిరగడానికి ఇదే వీలు కల్పించింది. అప్పటి మ్యాకింటాష్‌లోనూ ఇలాంటి కంచె ఏదీ లేదు. 1987–88లో ఎన్‌వీఐఆర్, స్కోర్స్ వంటి వైరస్‌లు మ్యాక్‌లను పీడించాయి. వాటిని తొలగించడానికి జాన్ నార్‌స్టాడ్ ఉచితంగా ఇచ్చిన ‘డిసిన్ఫెక్టెంట్’ ప్రోగ్రామ్ పదేళ్లపాటు మ్యాక్ వాడేవారికి నిత్యావసరంగా ఉండేది. మ్యాక్‌కు వైరస్ రాదన్న ప్రచారం ఈ జ్ఞాపకాన్ని ఎంత తొందరగా చెరిపేసిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

ఇక 1988 నవంబరు 2న బయటపడిన మోరిస్ వర్మ్ కథ యూనిక్స్‌కు సంబంధించినది. వర్మ్ అంటే వేరే ప్రోగ్రామ్‌కు అతుక్కోకుండా నెట్‌వర్క్ గుండా తనంతట తానే పాకే ప్రోగ్రామ్. రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన ఈ వర్మ్ వాడుకరుల వివరాలు చెప్పే ఫింగర్ సేవలోని లోపాన్ని, మెయిల్ చేరవేసే సెండ్‌మెయిల్‌లో తెరిచి ఉంచేసిన డీబగ్ (తప్పులు వెతికే) సదుపాయాన్ని, తేలికగా ఊహించదగిన పాస్‌వర్డ్‌లను ఆసరా చేసుకుని, సుమారు 60,000 యంత్రాల ఆనాటి ఇంటర్నెట్‌లో 6,000 వరకు యంత్రాలకు పాకిందని అంచనా. పాస్‌వర్డ్‌ల కోసం అది వెంట తెచ్చుకున్న జాబితాలో ఉన్నవి 432 మాటలే. నిర్వాహకుడి అధికారాలు దానికి అక్కరలేకపోయాయి, వాటికోసం అది ప్రయత్నించనూ లేదు. మామూలు ఖాతా హద్దుల్లోనే ఉంటూ, ఒకే యంత్రంలో మళ్లీ మళ్లీ చేరి ఊపిరాడకుండా చేసింది. ఈ దెబ్బతోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అత్యవసర స్పందన కేంద్రంగా సెర్ట్ ఏర్పాటైంది.

ఇంత జరిగాక కూడా యూనిక్స్ కుటుంబానికి సురక్షితమన్న పేరు ఎలా వచ్చిందంటే, దానికి కారణం 1990ల విండోస్. విండోస్ 95 డాస్ వారసత్వాన్ని మోసింది. ఆ తర్వాతి విండోస్ ఎక్స్‌పీ లోపలి నిర్మాణంలో ఖాతాలూ అనుమతులూ ఉన్నా, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెరిచే ఖాతాకు మామూలుగా నిర్వాహక అధికారాలే దక్కేవి. దానికితోడు సౌకర్యం కోసం చేసిన చిన్న చిన్న నిర్ణయాలు పెద్ద నష్టాలు తెచ్చాయి. 2000 మే నెలలో వచ్చిన ‘ఐ లవ్ యూ’ మెయిల్‌తోపాటు వచ్చిన ఫైలు పేరు చివర వరుసగా ‘.టీఎక్స్‌టీ.వీబీఎస్’ అని ఉండేది. తెలిసిన ఫైలు రకాల కొసమాటను విండోస్ దాచిపెట్టేది కనుక, చూసేవారికి ‘.టీఎక్స్‌టీ’ వరకే కనిపించేది. ప్రేమలేఖ అనుకుని నొక్కితే స్క్రిప్ట్ నడిచేది, చిరునామా పుస్తకంలో ఉన్నవారందరికీ తన ప్రతులను పంపేది, బొమ్మల ఫైళ్లను తుడిచి వాటి స్థానంలో తానే చేరేది. 2001లో కోడ్ రెడ్, నిమ్డా, 2003లో స్లామర్, బ్లాస్టర్ అనే వర్మ్‌లు వరసగా వచ్చిపడ్డాయి.

సరిగ్గా ఆ సమయంలోనే లినక్స్ పక్షం నుంచి బలమైన వాదన ఒకటి వచ్చింది. కోడ్ రెడ్ దాడి చేసింది మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ మీద. కానీ అప్పటికి సగానికి పైగా వెబ్‌సైట్లు నడుస్తున్నవి అపాచీ అనే మరో వెబ్ సర్వర్ మీద. వాడుకే ఆకర్షణ అయితే దెబ్బ అపాచీకి తగలాలి కదా అని వారు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. అయితే 2001 జనవరిలోనే రామెన్ అనే వర్మ్ రెడ్‌హ్యాట్ లినక్స్ యంత్రాల్లో తిరిగిందని, 2002 సెప్టెంబరులో స్లాపర్ అనే వర్మ్ అపాచీతో కలిసి పనిచేసే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని పట్టుకుని లినక్స్ సర్వర్లకు సోకిందని కూడా చెప్పుకోవాలి.

లినక్స్ డెస్క్‌టాప్ విషయం వేరు. 1996లో స్టావోగ్, 1997లో బ్లిస్ అనే వైరస్‌లు లినక్స్ కోసమే రాసినవి. బ్లిస్ ఎంత మర్యాదస్తురాలంటే, తాను చేసిన పనులను ఒక ఫైలులో రాసుకునేది. సోకిన ప్రోగ్రామ్‌ను ‘దయచేసి శుభ్రం చేయి’ అన్న అర్థం వచ్చే ఆదేశంతో నడిపితే తనను తానే తొలగించుకునేది. రెండూ పెద్దగా వ్యాపించలేదు. దీనికి అనుమతుల పద్ధతి ఒక కారణమైతే, నా దృష్టిలో అంతకంటే పెద్ద కారణం ప్రోగ్రామ్‌లు చేరే దారి. లినక్స్ వాడేవారు ప్రోగ్రామ్‌లను ఒకరి దగ్గర్నుంచి మరొకరు కాపీ చేసుకోరు. తమ డిస్ట్రిబ్యూషన్ (తాము వాడే లినక్స్ రకం) నిర్వహించే, సంతకంతో ధ్రువీకరించిన భాండాగారం నుంచి తెచ్చుకుంటారు. ఫైలు నుంచి ఫైలుకు పాకే పాతకాలపు వైరస్‌కు అక్కడ ప్రయాణించే దారే లేదు.

అనుమతుల మీద పెట్టుకున్న నమ్మకం మాత్రం మరో కారణంగా సడలింది. యూనిక్స్ అనుమతులు పదిమంది పంచుకునే పెద్ద యంత్రాల కోసం పుట్టాయి. వాటి ధ్యేయం ఒక వాడుకరి నుంచి మరో వాడుకరిని, అందరి నుంచి సిస్టమ్‌ను కాపాడటం. ఒక వ్యక్తి తానే నడిపిన ప్రోగ్రామ్ నుంచి అతని సొంత ఫైళ్లను కాపాడటం వాటి పని కాదు. సొంత కంప్యూటర్‌లో అసలు విలువైనవి ఆ ఫైళ్లే: ఫొటోలు, లెక్కలు, ఉత్తరాలు, బ్రౌజర్ దాచుకున్న పాస్‌వర్డ్‌లు. సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. పోయిన ఫొటోలు తిరిగి రావు. ఇంటి పునాదికి కాపలా పెట్టి బీరువా బార్లా తెరిచిపెట్టినట్టుంది ఈ ఏర్పాటు. ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ రావడంతో ఈ వెలితి అందరికీ తెలిసివచ్చింది, ఎందుకంటే ఆ పనికి నిర్వాహక అధికారాలే అక్కరలేదు.

మ్యాక్ కథలో ప్రకటనల పాత్ర ఎక్కువ. 2006లో ఆపిల్ ఇచ్చిన టీవీ ప్రకటనలో, జలుబుతో తుమ్ముతున్న మనిషి పీసీగా, ఆరోగ్యంగా ఉన్న మనిషి మ్యాక్‌గా కనిపించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఐచాట్ అనే సందేశాల ప్రోగ్రామ్ ద్వారా వ్యాపించే ‘లీప్’ మ్యాక్ ఓఎస్ ఎక్స్‌లో బయటపడింది. అది చాలా కొద్దిమందికే సోకింది కాబట్టి ఎవరూ లెక్కచేయలేదు. 2009లో ఆపిల్ తన సిస్టమ్‌లోనే మాల్‌వేర్‌ను (వైరస్‌ల వంటి హానికర ప్రోగ్రామ్‌లను) గుర్తించే చిన్న సదుపాయాన్ని చడీచప్పుడు లేకుండా చేర్చింది. 2012 ఏప్రిల్‌లో ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్‌వేర్ 6,00,000కు పైగా మ్యాక్‌లలో తేలింది. అది జావా లోపం గుండా వచ్చింది. ఆ లోపానికి జావా తయారీదారు ఒరాకిల్ ఫిబ్రవరిలోనే ప్యాచ్ (దిద్దుబాటు) ఇచ్చినా, మ్యాక్ జావాను ఆపిల్ స్వయంగా సరఫరా చేసేది కనుక మ్యాక్‌లకు ప్యాచ్ చేరేసరికి ఏప్రిల్ వచ్చింది. కొద్ది వారాల తర్వాత, పీసీ వైరస్‌లు మ్యాక్‌కు సోకవని చెప్పే వాక్యాన్ని ఆపిల్ తన వెబ్‌సైట్‌లో తొలగించి, సురక్షితంగా నిర్మించినదన్న అర్థం వచ్చే వాక్యాన్ని పెట్టింది. 2016లో కీరేంజర్ అనే రాన్సమ్‌వేర్ ట్రాన్స్‌మిషన్ అనే ప్రోగ్రామ్ అధికారిక వెబ్‌సైట్ నుంచే, చెల్లుబాటయ్యే డెవలపర్ సంతకంతోనే మ్యాక్‌లకు చేరింది.

ఈలోగా విండోస్ మారింది. 2002 జనవరిలో బిల్ గేట్స్ కొత్త సదుపాయాల కంటే భద్రతకే ప్రాధాన్యమివ్వాలని ఉద్యోగులకు లేఖ రాశారు. 2004లో ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో ఫైర్‌వాల్ దానంతటదే పనిచేయడం మొదలైంది. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విస్టా ప్రతి కీలకమైన పనికీ అనుమతి అడిగి జనం చేత తిట్లు తిన్నది. అయినా 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని వణికించింది. అది ఆసరా చేసుకున్న విండోస్ లోపానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. దెబ్బతిన్నవి దానిని వేసుకోని యంత్రాలు, మద్దతు ముగిసిన పాత విండోస్‌లు.

అతిశయోక్తి లేకుండా లెక్క చెప్పుకున్నది యూనిక్స్ కుటుంబానికే చెందిన ఓపెన్‌బీఎస్‌డీ ఒక్కటే అనిపిస్తుంది. మామూలు ఇన్‌స్టాలేషన్‌లో ఐదేళ్లుగా బయటినుంచి చొరబడే రంధ్రం లేదని అది గర్వంగా రాసుకునేది. 2002లో, దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో లోపం బయటపడగానే ఒక్కటే రంధ్రమని, 2007లో మరొకటి దొరికాక రెండేనని దిద్దుకుంది.

లినక్స్‌కు మాత్రం వాడుక తక్కువన్న కవచం పూర్తిగా పోయింది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, లినక్స్ నడిచే కెమెరాలు, రౌటర్లలోకి ఫ్యాక్టరీలో పెట్టిన సుమారు అరవై యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలతోనే దూరి, అక్టోబరు 21న వెబ్‌సైట్ల పేర్లను ఇంటర్నెట్ చిరునామాలుగా మార్చే డైన్ అనే సంస్థ సేవలను కూల్చి అనేక ప్రసిద్ధ వెబ్‌సైట్లను అందకుండా చేసింది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్రోగ్రామ్‌లో దొడ్డిదారి దొరికింది. మారుపేరుతో రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసి నిర్వాహక బాధ్యత సంపాదించినవారు దానిని చొప్పించారు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి, స్థిరమైన డిస్ట్రిబ్యూషన్లకు చేరకముందే అది దొరికిపోయింది. సంతకాల భాండాగారమన్న రక్షణకు ఇది ఇప్పటివరకు వచ్చిన అతి గట్టి పరీక్ష.

ఐఫోన్ వాడేవారి ధీమాకు ఆధారం లేకపోలేదు. ప్రతి ఆప్ తన గదిలోనే ఉండాలి, ప్రతి ఆప్‌కూ సంతకం ఉండాలి, మామూలుగా స్టోర్ నుంచే రావాలి. పాత తరహా వైరస్‌కు ఇక్కడ దాదాపు చోటే లేదు. కానీ 2016లో ఒక మానవ హక్కుల కార్యకర్తకు వచ్చిన లింకు ద్వారా పెగాసస్ అనే నిఘా ప్రోగ్రామ్ బయటపడింది. 2021 నాటికి ఏదీ నొక్కకుండానే, ఐమెసేజ్‌లో వచ్చిన ఫైలు ద్వారానే అది ఫోన్‌లోకి చేరగలదని తేలింది. 2022లో ఆపిల్ అలాంటి దాడులకు గురయ్యే అవకాశం ఉన్నవారి కోసం లాక్‌డౌన్ మోడ్ తెచ్చింది. దానిని ఎంచుకుంటే సందేశాలతో వచ్చే అటాచ్‌మెంట్లలో చాలా రకాలు ఆగిపోతాయి, లింకుల ముందస్తు చిత్రాలు కనిపించవు, తాళం వేసి ఉన్న ఫోన్ కేబుల్ ద్వారా కంప్యూటర్‌తో మాట్లాడదు.