డిస్క్ మీద నేరం మోపే ముందు: అపోహలు - వాస్తవాలు

రుషికొండ ఆఫీసు, రాత్రి రెండు గంటలు. బిల్లింగ్ సర్వర్ మొరాయించింది. షిఫ్టులో ఉన్న కుర్రాడు ఐఓస్టాట్ (డిస్క్ ఎంత బిజీగా ఉందో చూపే కమాండ్) చూసి తీర్పిచ్చేశాడు: "అన్నా, యుటిలైజేషన్ వంద. డిస్క్ పని అయిపోయింది."

అపోహ: వంద చూపిస్తే డిస్క్ చేతులెత్తేసినట్టే.

వాస్తవం: ఆ కాసేపూ డిస్క్ దగ్గర కనీసం ఒక్క రిక్వెస్టయినా ఉందని మాత్రమే దానర్థం. ఎస్ఎస్‌డీ ఒకేసారి చాలా రిక్వెస్టులు చూసుకోగలదు. వందలోనూ ఇంకా సత్తా మిగిలే ఉండొచ్చు.

అపోహ: రిక్వెస్టుకి పట్టే సగటు సమయం బాగుంటే చాలు.

వాస్తవం: లెక్క వేసి చూడండి. వెయ్యి రిక్వెస్టుల్లో 990 అర మిల్లీసెకనులో, మిగతా 10 మాత్రం 200 మిల్లీసెకన్లలో పూర్తయితే సగటు దాదాపు 2.5. ముచ్చటగా ఉంటుంది. తిట్లు మాత్రం ఆ పదిమంది దగ్గర్నుంచే వస్తాయి. అందుకే నేను బయోలేటెన్సీ నడుపుతాను, డిస్క్ రిక్వెస్టుల ఆలస్యాన్ని కొలిచే ట్రేసింగ్ టూల్ (అంటే సిస్టమ్ నడుస్తుండగానే లోపల జరిగేది గమనించేది). అది సగటు చెప్పదు, హిస్టోగ్రామ్ గీస్తుంది: ఎంత ఆలస్యమైనవి ఎన్ని ఉన్నాయో వరసల్లో చూపిస్తుంది.

అపోహ: ట్రేసింగ్‌లో కనపడిన ఆలస్యమంతా డిస్క్‌దే.

వాస్తవం: చందనోత్సవం రోజు సింహాచలం వెళ్ళినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. క్యూలో గంటలు, స్వామి ముందు క్షణాలు. బయోలేటెన్సీ మామూలుగా కొలిచేది దర్శనాన్నే: రిక్వెస్ట్ డ్రైవర్‌కి (డిస్క్‌తో మాట్లాడే ప్రోగ్రాంకి) అందిన దగ్గర్నుంచి పూర్తయ్యేదాకా. మైనస్ క్యూ (పెద్ద అక్షరం) ఇస్తే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) క్యూలో నిలబడ్డ సేపు కూడా కలుస్తుంది.

ఆ రాత్రి మైనస్ క్యూ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి నడిపాం. మొదటిదాంట్లో అన్నీ 4-7 మిల్లీసెకన్ల వరసలోనో, అంతకన్నా తక్కువలోనో. రెండోదాంట్లో 128-255 దగ్గర ఇంకో మూపురం లేచింది. డిస్క్ తన పని తాను చేస్తోంది, ముందున్న లైనే పెరిగింది. ఏ రిక్వెస్ట్ ఏ ప్రోగ్రాందో పేరుతో చూపే బయోస్నూప్ తెరిస్తే వరసగా టార్, టార్, టార్ (ఫైళ్ళని మూటకట్టే ప్రోగ్రాం). ఎవరో బ్యాకప్‌ని సరిగ్గా రెండింటికి క్రాన్‌లో (టైముకి పనులు నడిపే షెడ్యూలర్‌లో) పెట్టారు. (ఎవరో కాదు, మూడు నెలల కింద నేనే.)

డిస్క్ నుంచి చదివే రిక్వెస్టులకి బయోస్నూప్ చూపే ఈ పేర్లు నమ్మొచ్చు. రాసేవాటికి మాత్రం తరచూ కేవర్కర్ అని కనిపిస్తుంది. పేజ్ క్యాష్‌లో (మెమరీలో తాత్కాలికంగా) పోగైన డేటాను తర్వాత డిస్క్‌కి దించేది ఆ కెర్నెల్ థ్రెడ్డే, అసలు రాసిన ప్రోగ్రాం వేరే ఉంటుంది.

అపోహ: ప్రొడక్షన్‌లో ట్రేసింగ్ పెడితే సర్వర్ కూలబడుతుంది.

వాస్తవం: బయోలేటెన్సీ కెర్నెల్ లోపలే లెక్కపెట్టుకుని అంకెలు మాత్రమే బయటికిస్తుంది. బయోస్నూప్ అలా కాదు, ఒక్కో రిక్వెస్ట్‌కీ ఒక్కో లైన్ అచ్చేస్తుంది. సెకనుకి లక్ష రిక్వెస్టులున్న చోట దాన్ని వదిలేసి టీ తాగడానికి వెళ్ళకండి.