ఒత్తైన జుట్టులో వదలని పేలు: తొమ్మిదో రోజు లెక్క

ఆదివారం పిల్ల తలకు పేలమందు పెడతారు. దువ్వుతుంటే చచ్చిన పేలు తెల్లగుడ్డ మీద రాలతాయి. హమ్మయ్య, పీడ వదిలింది అనుకుంటారు. రెండు వారాలు గడిచాక జడ వేస్తుంటే అమ్మ వేళ్లకు మళ్లీ ఒకటి తగులుతుంది. బడి నుంచి మళ్లీ పట్టుకొచ్చావని పిల్లను కోప్పడతారు. లేదంటే ఈ మందు పనికిరాదని షాపుకెళ్లి ఇంకో సీసా కొంటారు. కొన్నిసార్లు ఆ అనుమానాలు నిజమే కావచ్చు. కానీ చాలా ఇళ్లలో జరిగేది వేరు. మందు పెట్టిన రోజున ఆ పేను అదే తలలో, గుడ్డు లోపల క్షేమంగా ఉంది.

పేలను వదిలించడంలో మందు ఘాటు కంటే తేదీలే ముఖ్యం. రోజుకో చిట్కా చేసినా తేదీ తప్పితే పని మళ్లీ మొదటికే వస్తుంది. తేదీ పాటించి, ప్రతి వెంట్రుక కుదురు దాకా దువ్వెన పోనిస్తే ఎంత ఒత్తైన జుట్టులోనైనా పేలు మిగిలే అవకాశం బాగా తగ్గుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు పేను బతుకు చూడాలి.

తలపేను నువ్వుగింజంత ఉంటుంది, రెండు మూడు మిల్లీమీటర్లు. రెక్కలు లేవు, గెంతడం రాదు. ఆరు కాళ్లలో ప్రతిదాని చివరా మనిషి వెంట్రుక మందానికి సరిగ్గా సరిపోయే వంకర గోరు ఉంటుంది. దానితో వెంట్రుకను పట్టుకుని నడుస్తుంది. రోజుకు కొన్నిసార్లు నెత్తి నుంచి రక్తం తాగుతుంది, సుమారు నెల రోజులు బతుకుతుంది. తల నుంచి కిందపడితే తిండి లేక ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. ఆడపేను రోజుకు ఎనిమిది దాకా గుడ్లు పెడుతుంది. అవే ఈపులు, కొన్నిచోట్ల ఈర్లంటారు. ఒక్కో గుడ్డు చుట్టూ జిగురు కార్చి దాన్ని వెంట్రుకకు గట్టిగా అతికిస్తుంది. ప్రోటీన్లతో తయారైన ఆ జిగురు గట్టిపడ్డాక మామూలు షాంపూకు కరగదు. నిమ్మరసం, వెనిగర్ రాస్తే వదులుతుందని చాలామంది అంటారు కానీ అలా వదలదు, గోటితో లాగాల్సిందే.

గుడ్డు పొదగడానికి సాధారణంగా వారం నుంచి తొమ్మిది రోజులు పడుతుంది. బయటికొచ్చిన పిల్లపేను మూడుసార్లు కుబుసం విడిచి, మరో తొమ్మిది నుంచి పన్నెండు రోజులకు గుడ్లు పెట్టే ఈడుకు వస్తుంది. మందు కిటుకంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది. మందుల షాపులో దొరికే మామూలు పేలమందులు తిరిగే పేలను చంపుతాయి. గుడ్లను మాత్రం పూర్తిగా చంపలేవు. మందు పెట్టిన రోజును సున్నా అనుకుందాం. ఆ రోజుకు తలలో ఉన్న గుడ్లు ఒకటో రోజు నుంచి తొమ్మిదో రోజు దాకా ఒక్కొక్కటిగా పొదుగుతూ ఉంటాయి. ఒకటో రోజు పొదిగిన పేను పదో రోజుకు గానీ కొత్త గుడ్లు పెట్టలేదు. కాబట్టి పాత గుడ్లన్నీ పొదిగి, కొత్త గుడ్లు ఇంకా పడని రోజు ఏదైనా ఉందంటే అది తొమ్మిదో రోజే. అమెరికా పిల్లల వైద్యుల సంఘం పెర్మెత్రిన్ వంటి మందుల రెండో మోతాదుకు తొమ్మిదో రోజునే సూచించేది అందుకే. మూడో రోజున మళ్లీ పెడితే చాలా గుడ్లు ఇంకా పొదగవు. ఇరవయ్యో రోజున పెడితే కొత్త తరం అప్పటికే గుడ్లు పెట్టేసి ఉంటుంది. ఆదివారం మొదలుపెడితే మరుసటి వారం మంగళవారం నాడు రెండోసారి పెట్టాలి. బడి ఉందనో, టైం లేదనో ఆ పై ఆదివారం దాకా ఆగితే ఆ ఐదు రోజుల్లో లెక్క తప్పుతుంది. మందు చీటీ మీద వేరే తేదీలు రాసుంటే, ఆ మందుకు అవే పాటించాలి.

ఇక ఒత్తైన జుట్టు సంగతి. జుట్టు ఒత్తుగా ఉందని పేలు ఎక్కువగా వచ్చిపడవు. వచ్చినవి దాక్కోవడానికి మాత్రం బోలెడంత చోటు దొరుకుతుంది. చాలా తలల్లో బతికున్న పేలు పది, పన్నెండుకు మించవు. నిమిషానికి ఇరవై సెంటీమీటర్లకు పైగా నడవగల ప్రాణి, పాయ తీయగానే వెలుతురుకు పక్కకు తప్పుకుంటుంది. ఒత్తు జుట్టులో పది పేలను కంటితో వెతకడం దాదాపు వృథా ప్రయాస. 2009లో జర్మనీ పరిశోధకులు బడిపిల్లల తలలను రెండు పద్ధతుల్లో చూశారు. పొడి జుట్టును పాయలు తీసి కంటితో చూస్తే, పేలున్న పిల్లల్లో వందకు ముప్పై మంది లోపే దొరికారు. తడి జుట్టును సన్నపళ్ల దువ్వెనతో దువ్వితే తొంభై మంది దాకా దొరికారు. "చూశాను, ఏమీ లేవు" అనే మాటను ఎంత నమ్మాలో దీన్ని బట్టి తెలుస్తుంది.

దొరికిన ప్రతి ఈపీ బతికున్న గుడ్డు కాదు. ఇది తెలియకే చాలామంది తల్లులు అనవసరంగా టెన్షన్ పడి మందు మీద మందు పెడుతుంటారు. గుడ్డు పొదగాలంటే నెత్తి వెచ్చదనం కావాలి, అందుకే పేను కుదురుకు ఆరు మిల్లీమీటర్ల లోపే గుడ్డు అతికిస్తుంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, దానితోపాటే ఈపి కూడా దూరం జరుగుతుంది. కుదురుకు మూడు సెంటీమీటర్ల దూరంలో తెల్లగా మెరిసే ఈపి సుమారు మూడు నెలల కిందటిది. అందులోని పేను ఎప్పుడో వెళ్లిపోయింది, మిగిలింది ఖాళీ పెంకే. నెత్తికి ఆనుకుని గోధుమరంగులో ఉండేవే అసలు గుడ్లు. నల్లటి జుట్టులో అవి సరిగా కనబడవు, కనబడేవి చాలావరకు ఖాళీ పెంకులే. మనలాంటి వేడి ప్రాంతాలకు ఒక సవరణ ఉంది. మెడ వెనక, జడ కింద ఎప్పుడూ వెచ్చగా ఉండేచోట కుదురుకు ఇంకా దూరంలో కూడా గుడ్లు బతకగలవు. కాబట్టి అక్కడా, చెవుల వెనకా రెండింతలు శ్రద్ధగా దువ్వాలి. వేలితో తోస్తే జారిపోయేది చుండ్రు, కదలనిది ఈపి.

దువ్వెన చాలా పాత పనిముట్టు. ఇజ్రాయెల్‌లోని లాకీష్ తవ్వకాల్లో ఏనుగు దంతపు చిన్న దువ్వెన ఒకటి బయటపడింది. దాని మీది అక్షరాలను 2022లో చదివారు. జుట్టులో, గడ్డంలో ఉన్న పేలను ఈ దంతం ఏరివేయాలనే కోరిక అందులో ఉంది. క్రీస్తుపూర్వం 1700 ప్రాంతం నాటిదని అంచనా. దాని పంటి మీద పిల్లపేను పైపొర అవశేషం కూడా దొరికింది. మన పేల దువ్వెన కూడా అదే పని చేస్తుంది. ఇంట్లో ఒకటి కొనుక్కోవాలి, లోహపు పళ్లదైతే మంచిది. పళ్ల మధ్య సందు 0.3 మిల్లీమీటరు దాటకూడదు. ప్లాస్టిక్ పళ్లు ఒత్తు జుట్టులో వంగి, సందులు విచ్చుకుంటాయి.

ముందు తలస్నానం చేయించి, కండిషనర్ ధారాళంగా పట్టించాలి. జారుడు కోసం కొబ్బరినూనె కూడా సరిపోతుంది. తడి జుట్టులో, జిడ్డు పట్టిన వెంట్రుకల మీద పేను పరుగెత్తలేదు. పెద్దపళ్ల దువ్వెనతో చిక్కు పూర్తిగా తీశాకే పేల దువ్వెన ముట్టుకోవాలి, లేకపోతే పిల్ల ఏడుస్తుంది, మరోసారి కూర్చోదు. జుట్టును పాయలుగా విడదీసి క్లిప్పులు పెట్టుకోవాలి. ఒక్కో పాయ దువ్వెన వెడల్పును మించకూడదు. నెత్తికి తాకించి చివరిదాకా లాగి, ప్రతిసారీ తెల్లగుడ్డకు తుడిచి చూడాలి. ఒత్తైన, పొడుగు జుట్టుకు గంట పట్టవచ్చు. ఆ గంట పిల్లకు నచ్చిన కథ చెప్పినా, టీవీ పెట్టినా తప్పులేదు. కసురుకుంటూ, తల మీద మొట్టుతూ దువ్వే పద్ధతి మాత్రం మానేయాలి. పేలు పట్టడం ఆ పిల్ల చేసిన నేరం కాదు.

మందు లేకుండా దువ్వెనతోనే వదిలించాలనుకుంటే, దువ్వడం మొదలుపెట్టిన రోజునే ఒకటిగా లెక్కేసి, ఒకటో రోజు, ఐదో రోజు, తొమ్మిదో రోజు, పదమూడో రోజు దువ్వి, పదిహేడో రోజున మరోసారి చూడాలి. బ్రిటన్‌లో 2005లో అచ్చయిన ఒక పోలికలో, ఇలా దువ్విన పిల్లల్లో వందకు 57 మందికి పేలు పోయాయి. షాపులో కొన్న మందు వాడినవాళ్లలో 13 మందికే పోయాయి. ఓపికగా దువ్వినా నలభై మందికి పైగా మిగిలిపోయారని కూడా ఆ లెక్కే చెబుతోంది. ఒత్తు జుట్టుకు మందూ దువ్వెనా రెండూ కలిపి వాడడమే మేలని నా అభిప్రాయం.

ఎక్కువగా వాడే మందు పెర్మెత్రిన్. చామంతి జాతికి చెందిన ఒక పువ్వులో పైరెత్రిన్ అనే సహజ విషం ఉంటుంది. దాన్ని నమూనాగా తీసుకుని ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మైకేల్ ఇలియట్ బృందం 1973లో పెర్మెత్రిన్‌ను రూపొందించింది. నరాల్లో సోడియం అయాన్లు వెళ్లే ద్వారాలను అది మూసుకోనివ్వదు. నరం ఆగకుండా అదిరి, పేను చచ్చుబడిపోతుంది. ఆ ద్వారాన్ని తయారుచేసే జన్యువులో చిన్న మార్పులు వచ్చిన పేలకు మందు సరిగా అంటదు. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో అమెరికాలోని 48 రాష్ట్రాల్లో 138 చోట్ల పేలు సేకరించారు. 132 చోట్ల దొరికిన వాటన్నిటిలోనూ ఆ మార్పులు ఉన్నాయి. మీ ఇంట్లో మందు పనిచేస్తోందా అని తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. పెట్టాక ఎనిమిది నుంచి పన్నెండు గంటలకు దువ్వి చూడండి. ఉన్న కొన్ని పేలు మెల్లగా ఈడ్చుకుంటూ ఉంటే మందు పనిచేస్తున్నట్టే. మునుపటిలాగే చురుగ్గా పరుగెడుతుంటే ఆ మందే మళ్లీ పెట్టడం దండగ, డాక్టరును అడిగి మార్చాలి.

మన ఇళ్లలో మందు విఫలం కావడానికి ఇంకో కారణం నూనె. జుట్టు మీద నూనె గానీ కండిషనర్ గానీ ఉంటే పెర్మెత్రిన్ పేనును సరిగా చేరదు. మందు పెట్టే రోజు మామూలు షాంపూతో జిడ్డు వదలగొట్టి, తువ్వాలుతో తుడిచి, అప్పుడు పట్టించాలి. పది నిమిషాలు ఉంచి కడిగేశాక ఒకటి రెండు రోజులు తలంటకూడదు. భుజాలు దాటిన ఒత్తు జుట్టుకు ఒక సీసా చాలకపోవచ్చు. సీసా అయిపోయిందని పైపైన రాసి సరిపెడితే అడుగున ఉన్న పేలు అలాగే మిగులుతాయి. మందు తగలాల్సింది కుదుళ్లకు.

పిల్లల ప్రాణాలకు సంబంధించిన మాట కాబట్టి ఇది గట్టిగానే చెప్పాలి. సీతాఫలం గింజల పొడి పేలను చంపుతుంది, నిజమే. అది కంట్లో పడితే నల్లగుడ్డు పొర దెబ్బతిని చూపు మసకబారుతుంది. ఇలాంటి కేసులను మన దేశంలోని కంటి డాక్టర్లు వైద్య పత్రికల్లో నమోదు చేశారు. కర్పూరం ఒంట్లోకి ఎక్కితే చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చు. కిరోసిన్ మంట అంటుకుంటుంది, గుటక పడితే ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. అన్నిటికంటే ఘోరం పొలానికి కొట్టే పురుగుమందును తలకు రాయడం. ఆ మందుల్లో చాలావాటిని చర్మమే పీల్చేసుకుంటుంది, గోకి పుండ్లు పడిన నెత్తి ఇంకా వేగంగా పీల్చుకుంటుంది. తలపేలతో ఎవరి ప్రాణమూ పోదు. టైఫస్ జ్వరం మోసేది బట్టల్లో ఉండే ఒంటిపేను, తలపేను కాదు.

పేలు నీళ్లలో మునిగినా శ్వాసరంధ్రాలు మూసుకుని గంటల తరబడి బతకగలవు. అందుకే రోజూ తలంటినంత మాత్రాన పోవు. శుభ్రంగా ఉండే తలకూ పడతాయి, మురికి తలకూ పడతాయి. తలా తలా ఆనించి కూర్చునేవాళ్లకు, ఒకే దిండు మీద పడుకునేవాళ్లకు పడతాయి. దురద పుట్టేది పేను లాలాజలం పడక, అది మొదటిసారి నాలుగు నుంచి ఆరు వారాలకు గానీ మొదలుకాదు. అంటే పిల్ల తల గోక్కోవడం చూసి మనం మేల్కొనేసరికి ఇంట్లో ఇంకో తలకు ఎక్కి ఉండవచ్చు. అక్కచెల్లెళ్లు, అమ్మ, పక్కలో పడుకోబెట్టుకునే నానమ్మ, అందరి తలలూ అదే రోజు దువ్వి చూడాలి. ఇల్లంతా మందు కొట్టక్కర్లేదు. రెండు రోజులుగా వాడిన దిండు గలీబులు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతికి ఎండబెడితే చాలు.

గుండు చేయిస్తే పేలు పోతాయి, అనుమానం లేదు. మొక్కు ఉండి చేయిస్తే అది వేరే విషయం. కానీ పదేళ్ల ఆడపిల్లకు ఇష్టం లేకుండా, పేల కోసమని జుట్టు తీయించడం సరైంది కాదు. రెండు మోతాదులతో, కొన్ని గంటల ఓపికతో తీరేదానికి ఆ పిల్లను నలుగురిలో తలదించుకునేలా చేయనక్కర్లేదు. బడి మాన్పించాల్సిన పనీ లేదు. సరిగ్గా రెండుసార్లు మందు వాడి, దువ్వినా బతికున్న పేలు కనిపిస్తుంటే డాక్టరు ఐవర్‌మెక్టిన్ లాంటివి ఆలోచిస్తారు. ఆ మాత్ర 15 కిలోల లోపు పిల్లలకు ఇవ్వరు, మోతాదు బరువును బట్టి ఉంటుంది. అందుకే సొంతంగా కొని వేయకూడదు.

హాస్టళ్లలో, గురుకులాల్లో చదివే పిల్లలకు ఇంటి పద్ధతి సరిపోదు. పరుపులు ఆనించి పడుకునే గదిలో ఒక్క పిల్లకు మందు పెట్టి పంపితే వారం తిరిగేలోగా పక్క తల నుంచి మళ్లీ వస్తాయి. గదిలో అందరి తలలూ ఒకే రోజు చూడాలి. పేలున్నవాళ్లకు, వాళ్లతో పడక పంచుకునేవాళ్లకు ఒకే రోజు మందు పెట్టి, రెండో తేదీని అప్పుడే గోడ మీది క్యాలెండర్లో రాసుకోవాలి. దానికి సరిపడా మందు, లోహపు దువ్వెనలు, ఆ సాయంత్రానికి దువ్వడానికి ఇద్దరు ముగ్గురు మనుషులు వార్డెన్‌కు అందుబాటులో ఉండాలి. తల్లిదండ్రుల సమావేశంలో అడగాల్సింది కూడా ఇదే.