నలభై పౌండ్ల తాకట్టు: వెస్ట్ ఆక్లాండ్ కప్పు తగవు వెనుక కథ

ఫుట్‌బాల్ ప్రపంచ కప్ దగ్గర పడితే చాలు, ఇంగ్లండ్ ఈశాన్యంలో డర్హమ్ కౌంటీలోని వెస్ట్ ఆక్లాండ్ పేరు మళ్లీ వినిపిస్తుంది. దాని వెంటే పాత తగవూ లేస్తుంది. మొదటి ప్రపంచ కప్ గెలిచింది ఈ చిన్న ఊరి బొగ్గు గని కార్మికులేనా? అసలు ఆ పోటీకి వాళ్లను కావాలనే పిలిచారా, లేక వేరే క్లబ్బుకు వెళ్లాల్సిన పిలుపు పొరపాటున వీళ్లకు చేరిందా?

1909లో ఇటలీలోని ట్యూరిన్‌లో, కొందరు మొదటి ప్రపంచ కప్ అనే సర్ థామస్ లిప్టన్ కప్పు పోటీ జరగడం, ఫైనల్లో స్విట్జర్లాండ్ జట్టు వింటర్‌థూర్‌ను వెస్ట్ ఆక్లాండ్ 2-0తో ఓడించడం చాలామంది రాసిందే. ఆ కప్పు పెట్టిన టీ వ్యాపారి ఈయనే, మన ఇళ్లలో టీ పొట్లాల మీద కనిపించే లిప్టన్ ఈయన పేరే. 1911లో ఊరివాళ్లు మళ్లీ వెళ్లారు. ఈసారి ఫైనల్లో ఇటలీ క్లబ్బు యువెంటస్ మీద 6-1తో గెలుపు. వరసగా రెండుసార్లు గెలిచారు కాబట్టి కప్పు శాశ్వతంగా వాళ్లదైంది. ఆట సంగతి ఇంతటితో వదిలేద్దాం. ఈ రోజు జరుగుతున్న వాదనకు మూలం వాళ్లు ఇంటికొచ్చాక జరిగిన దానిలో ఉంది.

వాళ్లు అమెచ్యూర్లు. ఆడినందుకు డబ్బు తీసుకోకూడదు. గనిలో దిగని రోజుకు కూలి రాదు. రెండు ఫైనళ్లూ ఈస్టర్ సోమవారాలే: 1909 ఏప్రిల్ 12, 1911 ఏప్రిల్ 17. పండగ సెలవులు కలిసొచ్చినా, ఓడలోనూ రైళ్లలోనూ యూరప్ దాటి పోయి రావడానికి అవి చాలవు. దారి ఖర్చుల కోసం ఆటగాళ్లు ఇంట్లో సామాన్లు అమ్ముకున్నారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండో ప్రయాణం అయ్యేసరికి క్లబ్బు పీకల్లోతు అప్పులో పడింది. ఊళ్లోని వీట్‌షీఫ్ హోటల్ యజమానురాలి దగ్గర 40 పౌండ్లు తీసుకుని, గెలిచి తెచ్చిన కప్పునే ఆమె దగ్గర తాకట్టు పెట్టారు.

నా దృష్టిలో కథ మలుపు తిరిగింది అక్కడే. తాకట్టు పెట్టిన నగ ఇంట్లో ఉండదు. పెళ్లికీ పండగకీ పెట్టుకోలేం, చూడవచ్చినవాళ్లకు చూపించలేం. కొన్నాళ్లకు అది మనదేనని చెప్పినా పక్కింటివాళ్లు నమ్మరు. వెస్ట్ ఆక్లాండ్ కప్పు అలా 49 ఏళ్లు పరాయి చేతిలో ఉంది. ఆ మధ్యలో ఏమేం జరిగాయో చూడండి. 1930లో ఉరుగ్వేలో ఫిఫా తన మొదటి ప్రపంచ కప్ పెట్టింది. 1934, 1938లో ఇటలీ గెలిచింది. 1950లో ఇంగ్లండ్ మొదటిసారి అందులో ఆడింది. అదే ఏడు అవకాశం చేతికొచ్చినా, ఆ పోటీ జరిగిన బ్రెజిల్‌కు భారత్ వెళ్లలేదు. ప్రపంచ కప్ అంటే ఏమిటో లోకానికి స్థిరపడింది ఈ ఏళ్లలోనే. అప్పుడు ఈ ఊరివాళ్లు ‘మా దగ్గర అంతకు ముందరిది ఉంది’ అని బల్ల మీద పెట్టి చూపించగల స్థితిలో లేరు. నోటి మాటే మిగిలింది. నోటి మాటకు కొసరు కథలు తోడవడం ఎక్కడైనా ఉన్నదే.

ఆ కొసరు కథల్లో బాగా పాకింది ఇనిషియల్స్ కథ. లిప్టన్ మనుషులు ‘డబ్ల్యూ.ఏ.’ క్లబ్బును పిలవమన్నారట, అది లండన్ క్లబ్బు ఊలిచ్ ఆర్సెనల్ (ఇప్పటి ఆర్సెనల్) అట, పొరపాటున ఉత్తరం వెస్ట్ ఆక్లాండ్‌కు వెళ్లిందట. చెప్పుకోవడానికి సరదాగా ఉంటుంది గానీ, దీనికి ఆధారంగా ఒక్క కాగితం కూడా బయటపడలేదు. ఆర్సెనల్ 1891 నుంచే ప్రొఫెషనల్ క్లబ్బు. 1909లో ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పై స్థాయి అయిన మొదటి డివిజన్‌లో ఆడుతోంది. లిప్టన్ ఒక ఇంగ్లిష్ జట్టును పంపమంటే అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్.ఏ.) ముందుకు రాలేదు. అలాంటప్పుడు వెస్ట్ ఆక్లాండ్ ఆడుతున్న, అమెచ్యూర్ల నార్తర్న్ లీగ్ వైపు చూడటంలో వింతేముంది? ఆ లీగ్‌తో పరిచయమున్న లిప్టన్ ఉద్యోగి ఒకరు వీళ్ల పేరు చెప్పారన్నది మరో కథనం. నాకు ఇదే నమ్మదగినదిగా తోస్తుంది. ఒకవేళ మొదటిసారి పొరపాటే అనుకుందాం. 1911లో వాళ్లను పిలిచింది పాత విజేతలుగా. యువెంటస్ మీద ఆరు గోల్స్ ఎవరి పొరపాటు? గని కార్మికుల గెలుపును తపాలా తప్పుగా మార్చే ఈ కథ నాకు మింగుడుపడదు.

‘మొదటిది’ అన్న మాట మీద అభ్యంతరాలూ ఉన్నాయి. ఆడింది క్లబ్బులు, దేశాల జట్లు కావు. ఫిఫాకు ఈ పోటీతో సంబంధం లేదు. 1908లోనే ట్యూరిన్‌లో మరో అంతర్జాతీయ పోటీ జరిగింది. అదే ఏడు లండన్ ఒలింపిక్స్ ఫైనల్లో బ్రిటన్ 2-0తో డెన్మార్క్‌ను ఓడించింది. ఇవన్నీ నిజాలే. అయితే ఊరివాళ్లు అడిగేది ఫిఫా రికార్డులో చోటు కాదు. ఇటలీ, స్విట్జర్లాండ్ జట్లున్న పోటీలో తమ తాతలు రెండుసార్లు నెగ్గారన్నదే వాళ్ల మాట. దాన్ని కాదనగలవాళ్లు లేరు.

1960లో క్లబ్బు 100 పౌండ్లు చెల్లించి కప్పును విడిపించుకుంది. ఆ మరుసటి ఏడే వెస్ట్ ఆక్లాండ్ లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఎఫ్.ఏ. అమెచ్యూర్ కప్ ఫైనల్ ఆడి వాల్థమ్‌స్టో అవెన్యూ చేతిలో 2-1తో ఓడిపోయింది. పోయిన నగ ఇంటికొచ్చాక ఊరికి ఊపిరి వచ్చినట్టయింది. 1982లో బ్రిటిష్ టీవీ ఈ కథను సినిమాగా తీశాక దేశమంతా తెలిసింది.

తర్వాత రెండో దెబ్బ. 1994 జనవరిలో ఊళ్లోని కార్మికుల క్లబ్బు నుంచి దొంగలు కప్పును ఎత్తుకుపోయారు. ఫిఫా మొదటి కప్పు కూడా 1983లో రియోలో దొంగల పాలై మళ్లీ కనిపించలేదు. కానీ దానికి రికార్డులున్నాయి, లెక్కలేనన్ని ఫొటోలున్నాయి, గెలిచిన దేశాలున్నాయి. వెస్ట్ ఆక్లాండ్‌కు ఉన్న పెద్ద సాక్ష్యం ఆ కప్పే. క్లబ్బు ఒక నకలు చేయించుకుంది. 2012లో, 2014లో చిన్న క్లబ్బుల పోటీ అయిన ఎఫ్.ఏ. వేజ్ ఫైనల్స్‌కు మళ్లీ వెంబ్లీ వెళ్లి రెండుసార్లూ ఓడింది. 2013లో ఊరి మధ్య పచ్చిక మీద ఆ ఆటగాళ్ల గుర్తుగా విగ్రహం పెట్టారు. అసలు కప్పు మాత్రం ఇంకా దొరకలేదు.