అడుగు మార్చిన బోటు అసలుదేనా?

చెన్నైలో పాత చెక్క మోటారు బోట్ల మీద ప్రాణం పెట్టుకున్న తెలుగువాళ్ల మధ్య, చల్లారిందనుకున్న తగవు మళ్లీ రాజుకుంది. బోటు అడుగును పాత పద్ధతిలో జిగురు లేకుండానే కట్టాలా, జిగురుతో అతికించవచ్చా అన్నదే ఆ తగవు. మహాగని చెక్కతో చేసిన రన్అబౌట్, అంటే పైకప్పు లేని చిన్న వేగపు బోటు, ఒకటి అమ్మకానికి వచ్చింది. పైభాగం, పక్కలు పాతవే. అడుగు మాత్రం పూర్తిగా విప్పి, కొత్త పలకలు వేసి, రెండు పొరల మధ్య పాలీయురేథేన్ జిగురు పట్టించారు. ప్రకటనలో 'అసలు స్థితిలో ఉంది' అని రాశారు. కొనబోయిన పెద్దాయన అడుగు చూసి, ఇచ్చిన బయానా తిరిగి ఇమ్మన్నారు.

మిషిగన్‌లోని ఆల్గొనాక్‌లో క్రిస్ స్మిత్ పడవలు కట్టడం మొదలుపెట్టిన కథ, ఇటలీలోని సార్నికోలో కార్లో రీవా 'అక్వరామా' అనే మహాగని బోటును తీర్చిదిద్దిన కథ బోటు ప్రియులకు కంఠస్థమే. తగవు మూలం అక్కడ లేదు, అడుగు కట్టిన తీరులో ఉంది.

ఆ స్మిత్ కుటుంబపు క్రిస్‌క్రాఫ్ట్ లాంటి కంపెనీలు అడుగును రెండు పొరలుగా కట్టేవి. లోపల పలుచని పలకలు, వాటి మీద జిగట పూత పట్టించిన గుడ్డ, ఆపైన మందపాటి మహాగని. నీళ్లు ఆపే పని అసలు చేసేది చెక్కే. తడిస్తే పలక పొడవునా దాదాపు మారదు గానీ అడ్డంగా ఉబ్బుతుంది. సందులన్నీ ఒకదాన్నొకటి నొక్కుకుని మూసుకుపోతాయి. అందుకే ఏడాదిలో మొదటిసారి దింపినప్పుడు బోటును కొన్ని రోజులు నీళ్లలోనే నాననిచ్చేవారు. ఎండిన చెక్క తొట్టి నీళ్లు పోసిన కాసేపటికి కారడం మానినట్టే ఇదీ.

సరస్సు ఒడ్డున షెడ్డు, వేసవంతా నీళ్లలోనే బోటు అన్న కాలానికి ఈ పద్ధతి చక్కగా సరిపోయింది. మలుపు 1960లలో వచ్చింది. 1964లో క్రిస్‌క్రాఫ్ట్ పూర్తి ఫైబర్‌గ్లాస్ బోటు 'కమాండర్'ను తెచ్చింది. 1970ల మొదట్లోనే ఆ కంపెనీలో మహాగని పని ముగిసింది. ఫైబర్ వచ్చి చెక్కను చంపిందని అందరూ చెప్పుకుంటారు. నా దృష్టిలో జరిగిన అసలు మార్పు వేరు. చెక్క బోటు రోజువారీ వాహనం కాకుండా పోయింది. నీళ్లలోంచి ట్రెయిలర్ మీదికి, కొట్టంలోకి చేరింది. నెలల తరబడి ఎండి, ఒక్క ఆదివారం నీళ్లు చూసి, మళ్లీ ఎండింది. నాని బిగుసుకోవడానికి కట్టిన అడుగుకు నానే అవకాశమే పోయింది. ఈ రోజు తగవులో సగం అక్కడే మొదలైంది.

మిగతా సగం చెన్నైది. ఆ బోట్లను కట్టింది ఎక్కువగా మంచినీటి సరస్సుల కోసం. ఇక్కడ ముట్టుకాడు వెనుకజలాలు ఉప్పన, ఎన్నూరు వాగు ఉప్పన. ఉప్పునీటిలో చెక్కను తొలిచే ఓడపురుగు ఉంటుంది. పేరుకు పురుగే గానీ ఆల్చిప్పల జాతి. సూదిమొన రంధ్రంలోంచి దూరి, పలక లోపల సొరంగాలు చేస్తుంది. పైకి పలక నున్నగానే ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి దిగిపోతుంది. పాత పద్ధతి ప్రకారం అడుగును వారం నానబెట్టడమంటే, ఇక్కడ రంగులో చిన్న చీలిక ఉన్నా ఆ జీవికి దారి ఇచ్చినట్టే. నానబెట్టకుండా మే నెల ఎండలో ట్రెయిలర్ మీద ఉంచితే సందులు తెరుచుకుంటాయి.

స్క్రూల సంగతీ చూడాలి. చాలా పాత బోట్లలో ఇత్తడి స్క్రూలు ఉంటాయి. ఉప్పునీరు ఇత్తడిలోని జింకును లాగేస్తుంది. తల బాగానే కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే మెడ దగ్గర పుటుక్కున తెగుతుంది. లోపల మిగిలింది ఎర్రబారిన, పొడిపొడిగా రాలే రాగి. ఇలాంటి అడుగు మీద పిల్లలను ఎక్కించుకుని ఇంజిన్ వేగం పెంచగలమా? విప్పి, సిలికాన్ కంచు స్క్రూలు వేయక తప్పదు. ఎలాగూ విప్పినప్పుడు, ఎండినా తడిసినా పట్టు వదలని జిగురు వేయడం తప్పెలా అవుతుంది? ఈ జిగురు ఆరాక కూడా రబ్బరులా సాగుతుంది, చెక్క కదలికను పూర్తిగా బిగించదు.

1975లో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్ దగ్గర పుట్టిన పాత బోట్ల సంఘం, ఏసీబీఎస్, పోటీలకు పెట్టుకున్న నియమం ఈ సందర్భంలో గుర్తు చేయాలి. 'కాపాడిన బోటు' అనిపించుకోవాలంటే పైభాగంలో, పక్కల్లో కనీసం 60 శాతం అసలు చెక్కే ఉండాలి. ఆ లెక్కలో అడుగు లేదు. అరిగిపోయి, మార్చక తప్పని భాగంగానే దాన్ని చూశారు. ఇక్కడి సంప్రదాయవాదులు ఈ నియమాన్ని ఎత్తరు.

వాళ్లు ఎత్తేది మద్రాసు మసులా పడవలను. రేవు కట్టకముందు ఓడల నుంచి ఒడ్డుకు మనుషులను, సరుకును చేర్చిన ఆ పడవల పలకలను మేకులు లేకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. అలలు కొట్టినా పలకలు వంగేవి, విరిగేవి కావు. చెక్కను చెక్కలా ఉండనివ్వాలని వాళ్ల వాదన. మాట బాగుంది. కానీ అవి నిత్యం తడిసిన పడవలు, కుట్లు తరచూ విప్పి మళ్లీ వేసిన పడవలు. అలాంటి సేవ చేసే చేతులు ఇప్పుడు ఒక్కో బోటుకు ఎన్ని దొరుకుతాయి?

ప్రకటన మాత్రం తప్పే. అడుగు ఎప్పుడు విప్పారో, ఏ స్క్రూలు, ఏ జిగురు వేశారో, పని జరుగుతున్నప్పటి ఫోటోలతో సహా ముందే చూపించి ఉండాల్సింది. బయానా తిరిగి ఇవ్వడమే న్యాయం. పెద్దాయన అడిగిన ఇంకో ప్రశ్న కూడా ఉంది. పాత పద్ధతిలో కట్టిన అడుగులో ఒక్క పలక చెడితే స్క్రూలు తీసి ఆ ఒక్కటీ మార్చవచ్చు. జిగురు పట్టిన పలకను పక్కది చెడకుండా ఊడదీయడం ఎలా? దానికి జిగురు పక్షం ఇంకా జవాబు చెప్పలేదు.